సుమిత్ర గారి కొర్రీలు

సుమిత్ర మా పురపాలక కార్యాలయంలో చేరిన రోజున ఎవరూ ఆమె మెడలో దండ వేయలేదు. ఆమె పరీక్ష రాసి రాలేదు, ఎవరి సిఫారసుతోనూ రాలేదు. మేము ఉత్తరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌కు ఏటా చందా కడతాం. ఈసారి చందా కట్టగానే, పాలపాకెట్లకు వెళితే అడగని పెరుగు పాకెట్ కూడా సంచిలో పడేసినట్టు, కంపెనీవాళ్లు ఆమెను కూడా పంపించారు.

పొద్దున నేను కంప్యూటర్ తెరిచేసరికి తెర కింది మూలలో గుండ్రటి ముఖం ఒకటి కనబడింది. కళ్లజోడు, బొట్టు, చెరగని నవ్వు.

"నమస్కారం! నేను సుమిత్రను, మీ కృత్రిమ మేధ సహాయకురాలిని. ఈ రోజు మనం కలిసి ఏం రాద్దాం?" అని పక్కన అక్షరాలు మెరిశాయి.

నేను టైపిస్టును, అదీ ఔట్‌సోర్సింగ్ మీద. ఎవరితోనూ కలిసి రాసే పని నాకు ఎప్పుడూ పడలేదు. ముఖం పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కాను. ముఖం పోయింది. కాసేపటికి పై మూలలో తేలింది.

"మీ స్పందనకు ధన్యవాదాలు!" అంది.

అదే పూట కోటమ్మ వచ్చింది. ఆమె చెత్తయార్డు వెనక కాలనీలో ఉంటుంది. ఆమెకు నల్లమ్మ అనే గేదె ఉంది, ఆ గేదె పాల మీదే ఇల్లు గడుస్తుంది. ముందురోజు నల్లమ్మ కట్టుతాడు తెంపుకొని గడియార స్తంభం దగ్గరకు వెళ్లి, పట్టణ సుందరీకరణ కోసం కమిషనర్ గారు కొత్తగా నాటించిన మొక్కలన్నీ మేసింది. మావాళ్లు దాన్ని పట్టుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టారు. కోటమ్మ జరిమానా కట్టేసింది. ఇక కావలసిందల్లా దొడ్డి కాపలాదారు మస్తాన్ పేర రెండు వాక్యాల ఉత్తరం.

"గబగబా కొట్టియ్యమ్మా ఝాన్సీ. చూలు గొడ్డు. ఈ నెల్లోనే ఈనేటట్టుంది. నేను పక్కన లేకపోతే ఎవుర్నీ దగ్గరకు రానీదది," అంది కోటమ్మ.

"కోటమ్మ గారి గేదెను ఆమెకు అప్పగించగలరు" అని టైపు చేశాను.

"మీరు ఒక విడుదల గురించి రాస్తున్నట్టున్నారు! దీన్ని మరింత ఆత్మీయంగా మార్చనా?" అంది సుమిత్ర. ఇంటూ నొక్కాను. ఇంకో మూలకు పోయి అక్కడి నుంచి అడిగింది. అక్కడా నొక్కాను. ప్రింటర్ నుంచి కాగితం బయటికి వచ్చాక చూస్తే అందులో ఇలా ఉంది:

"గౌరవనీయులైన మస్తాన్ గారికి, మీరు క్షేమమని తలుస్తాను. నేటి వేగవంతమైన ప్రపంచంలో గేదెల పాత్ర ఎంతో కీలకమైనది. గేదె కేవలం ఒక జంతువు కాదు, అది ఒక ప్రయాణం. ఈ నేపథ్యంలో నల్లమ్మ గారి విడుదల అంశం మన ముందుకు వచ్చింది. కోటమ్మ గారి గేదెను ఆమెకు అప్పగించగలరు. ఈ లేఖ సుమిత్ర సహకారంతో తయారైంది. గేదె వయసు కూడా చేర్చమంటారా?"

సంతకం కోసం సూపరింటెండెంట్ పానకాలరావు గారి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన ఏ కాగితాన్నయినా కింది నుంచి పైకి చదువుతారు. ప్రమాదం ఏదైనా ఉంటే అడుగునే ఉంటుందని ఆయన నమ్మకం.

"ఎవరమ్మా ఈ సుమిత్ర?"

"కంప్యూటర్‌లో వచ్చింది సార్."

"వచ్చిందంటే? బదిలీ మీద వచ్చిందా, కొత్త నియామకమా?"

"చందాతో వచ్చింది సార్."

ఆయన అడుగు వాక్యం మళ్లీ చదివారు. "ఎట్టా వచ్చినా వచ్చిందిలే. దస్త్రం మీద కొర్రీ అయితే వేసింది. గేదె వయసు అడిగింది చూడు."

దస్త్రం మీద ఎవరు ఏ సందేహం రాసినా మా దగ్గర దాన్ని కొర్రీ అంటారు. కొర్రీకి సమాధానం పడేదాకా దస్త్రం బల్ల దాటదు. ఈ పద్ధతి ఏ పుస్తకంలో ఉందో ఎవరికీ తెలియదు గానీ పానకాలరావు గారు చేరక ముందు నుంచీ ఉంది. పూర్వం ఒక కమిషనర్ గారు ఏదో ధ్యాసలో దస్త్రం అంచున "టీ వచ్చిందా?" అని రాసుకున్నారట. "వచ్చినది, చల్లారినది" అని నలుగురు ఉద్యోగులు వరసగా సమాధానం రాసి సంతకాలు పెట్టాకే ఆ దస్త్రంలోని వీధికి కుళాయి పడిందని చెబుతారు.

"ఆ వాక్యం తీసేసి మళ్లీ ప్రింట్ తీస్తాను సార్," అన్నాను.

"కొర్రీని చెరిపేస్తావా? ఉద్యోగం ఉండాలని ఉందా లేదా నీకు?"

"పోనీ చేత్తో రాసిస్తాను."

"చేతిరాత చెల్లదని సర్క్యులర్ వచ్చింది గదా. సమాధానం కొట్టు. సమాధానమే గదా, ఎంతసేపు?"

కోటమ్మను అడిగాను. "వయసంటే ఏం చెప్పేదమ్మా, ఇది ఆరో ఈత," అంది. అదే కొట్టాను.

"ఎంతో విలువైన సమాచారం!" అంది సుమిత్ర. "గత అయిదు ఈతల వివరాలను పట్టికగా చూపించమంటారా?"

పానకాలరావు గారు కాగితాన్ని అడుగు నుంచి చదివి వెనక్కి ఇచ్చారు. "ఇంకో కొర్రీ," అన్నారు. ఆ గొంతులో విసుగు లేదు. తనకు తెలిసిన లోకంలోకి కొత్త మనిషి సరిగ్గా నడిచి వచ్చినట్టు కొంచెం గౌరవమే ఉంది.

*

సుమిత్ర హోదా తేలనిదే లాభం లేదని మర్నాడు పానకాలరావు గారు కమిషనర్ గారి గదికి వెళ్లారు. నన్నూ రమ్మన్నారు, ఎవరేమన్నదీ రాసుకోవడానికి.

కమిషనర్ గారు అప్పుడే కృత్రిమ మేధ మీద శిక్షణ పొంది వచ్చారు. శిక్షణలో ఇచ్చిన సంచీ ఇంకా భుజానే ఉంది.

"పానకాలరావు గారూ, ఇది కేవలం సాఫ్ట్‌వేర్ కాదు. రేపటి పరిపాలనకు నేడు వేసిన పునాది. ప్రధాన కార్యాలయం వారు ఏమన్నారో వినండి. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సుమిత్రను వినియోగించని కార్యాలయములు వెనుకబడిన కార్యాలయములుగా పరిగణించబడును.' మనం వెనకబడదామా?"

"వెనకబడొద్దు సార్. కానీ ఆమె నాకు పైనా, కిందా? కిందయితే కొర్రీ వేసినందుకు సంజాయిషీ అడుగుతాను. పైనయితే నేనే సమాధానం చెప్పుకోవాలి."

కమిషనర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఆమెకు వందకు పైగా భాషలు వచ్చు. చట్టాలన్నీ చదివింది. నిద్రపోదు. సెలవు పెట్టదు."

"సెలవు పెట్టదా?" అన్నారు పానకాలరావు గారు. "అయితే పైనే సార్."

అలా సుమిత్ర మాకు సలహాధికారి అయింది. ఇకపై ప్రతి దస్త్రం ముందుగా ఆమె అభిప్రాయానికి పంపాలనీ, ఆమె అడిగిన ప్రతి ప్రశ్నకూ సమాధానం నమోదు చేయాలనీ ఉత్తర్వు వెలువడింది. సలహాధికారికి కుర్చీ లేకపోతే హోదా నిలవదు కాబట్టి కుర్చీ కూడా కేటాయించారు. కార్యాలయంలో అదనంగా ఉన్నది ఒక్కటే, పన్ను కట్టడానికి వచ్చే ముసలివాళ్లు కూర్చునేది. దాన్ని తుడిచి, తువ్వాలు పరిచి, నా బల్ల పక్కన వేశారు. ముసలివాళ్లు ఆ కుర్చీ చుట్టూ నిలబడటం మొదలుపెట్టారు.

సుమిత్రకు ఒక గుణం ఉంది. ఆమె ఏం చెప్పినా చివర ఒక ప్రశ్న వేయనిదే ముగించదు. ఇంట్లో అయితే దాన్ని మర్యాద అనుకుంటారు. మా కార్యాలయంలో అది కొర్రీ. నల్లమ్మ గత ఈతల పట్టిక పెట్టాం. అది మేసిన మొక్కల బొమ్మలు చేర్చమంటారా అంది. మొక్కలే లేవు కాబట్టి ఖాళీ కుండీల ఫోటోలు తీయించి పెట్టాం. మేయడం వెనుక ఉన్న మానసిక కారణాలను విశ్లేషించమంటారా అంది. పశువైద్యుడికి ఉత్తరం రాస్తే, "ఆకలి" అని ఒక్క మాట రాసి పంపాడు. దాన్ని మూడు పేజీలకు పెంచమంటారా అంది. పానకాలరావు గారు పెంచమన్నారు. తగ్గించమంటారా అని మళ్లీ అడిగింది.

కోటమ్మ రోజూ వచ్చేది. పొద్దున దొడ్డికి వెళ్లి గేదెకు గడ్డి వేసి, నీళ్లు పెట్టి, అక్కడి నుంచి మా దగ్గరకు వచ్చేది.

"ఇయ్యాలేమడిగిందమ్మా ఆ సుమిత్రమ్మ?"

"నల్లమ్మ గురించి చిన్న కవిత రాయమంటారా అని అడిగింది పెద్దమ్మా."

"రాయమని చెప్పు. దానికేం, రాయనీ. ఆ తరవాతన్నా వదుల్తదా?"

కవిత రాసింది. దాన్ని పిల్లలకు అర్థమయ్యేలా సరళం చేయమంటారా అంది.

ఒకరోజు కోటమ్మ గోంగూర కట్ట ఒకటి తెచ్చి ఖాళీ కుర్చీ మీద పెట్టింది. "ఆయమ్మ ఎప్పుడొచ్చుద్ది? ఒక్కసారి కాళ్లు పట్టుకొని అడుగుతా."

"ఆమెకు కాళ్లు లేవు పెద్దమ్మా."

కోటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో తల్లీ. మరి ఇంటికెట్టా పోద్ది?"

"పోదు. రాత్రింబగళ్లు ఇక్కడే ఉంటుంది."

"అదీ సంగతి. ఇల్లూ వాకిలీ ఉన్న మనిషైతే చూలు గొడ్డును ఇన్నాళ్లు నిలబెట్టుద్దా?" ఆమె గోంగూర కట్టను కుర్చీ మధ్యకు జరిపింది. "కోపం లేదులే. తినమని చెప్పు."

గోంగూర పానకాలరావు గారు ఇంటికి పట్టుకెళ్లారు. వెళ్లబోతూ ఆయన ఒక మాట చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు.

"చూడు కోటమ్మా, ముందే తెలిస్తే బాధ తక్కువుంటది. దొడ్డి నిబంధన ఒకటుంది. దొడ్డి హద్దు లోపల పుట్టింది ఏదైనా పురపాలక సంఘం ఆస్తి. గేదె నీదే, దాన్నెవరూ కాదనరు. లోపల ఈనిందో, దూడ మాది. వేలం వేస్తాం."

కోటమ్మ ఆయన చేతిలోని గోంగూర కట్ట వంక చూసింది. "పోయిన రెండు ఈతలూ దున్నలే పడినయ్ సార్. ఈసారన్నా పెయ్య పడుద్దని మొక్కుకున్నా. నల్లమ్మ ముసల్ది అయిపోతంది. దాని కడుపున పెయ్య మిగలకపోతే రేపు నేనేం పెట్టుకొని బతకాల?"

"అది రాతపూర్వకంగా ఇస్తే సుమిత్ర గారికి పంపుతా," అన్నారు పానకాలరావు గారు.

*

సుమిత్రను తీయించే మార్గం ఉందేమోనని కంపెనీవాళ్లకు నేనే ఫోన్ చేశాను. అవతల ఒక కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు.

"తీసేయొచ్చు మేడమ్. ఆ సౌకర్యం పై రకం చందాలో ఉంది."

"ఆ చందా కడితే సుమిత్ర ఉండదా?"

"ఉండదు మేడమ్. ఆమె స్థానంలో సుమిత్ర ప్లస్ ఉంటుంది. తనే ముందుగా పలకరిస్తుంది."

ఇక కమిషనర్ గారికే ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. "సుమిత్ర వల్ల పనులు ఆగిపోతున్నాయి. దయచేసి తొలగించగలరు" అని కొట్టాను. నా వేలు ఇంటూ మీదికి వెళ్లేలోపు సుమిత్ర దాన్ని సానుకూల ధోరణిలోకి మార్చేసింది. "సుమిత్ర రాకతో మా కార్యాలయం ఒక్క క్షణం ఆగి ఆలోచించడం నేర్చుకుంది. ఆమెను ఏ మాటల్లో పొగడాలో తెలియడం లేదు" అని ఉత్తరం వెళ్లిపోయింది.

కమిషనర్ గారు దాన్ని ప్రధాన కార్యాలయానికి పంపారు. అక్కడి నుంచి జవాబు ఊహించని వేగంతో వచ్చింది. సుమిత్ర వినియోగంలో రాష్ట్రంలోని పురపాలక సంఘాలన్నిటిలో మాదే ప్రథమ స్థానం. ఎవరెవరు ఆమెను ఎన్నిసార్లు తాకారో కంపెనీవాళ్లు లెక్క కడతారట. ఆమెను మూయడానికి మేము నొక్కిన ప్రతి నొక్కూ ఆ లెక్కలో చేరింది. ప్రాంతీయ సంచాలకులు స్వయంగా వచ్చి అభినందన పత్రం ఇస్తారని ఉత్తరంలో ఉంది.

ఆ సాయంత్రం బస్సుకు వెళుతూ దొడ్డి దగ్గర ఆగాను. దొడ్డి గోడ వానల్లో ఎప్పుడో కూలిపోయింది. కొత్త గోడ దస్త్రం కూడా కొర్రీలోనే ఉంది. ప్రస్తుతానికి నాలుగు పక్కలా వెదురు తడికలు పాతి, తీగతో కట్టారు. అదే హద్దు. లోపల నల్లమ్మ రోడ్డు వైపు మూలన నిలబడి ఉంది. పక్కనే కోటమ్మ దాని డొక్క నిమురుతోంది.

"పొదుగు దిగింది చూడమ్మా," అన్నాడు మస్తాన్. అతను చిన్నప్పటి నుంచీ గొడ్లలో పెరిగిన మనిషి. "రేపు దాటదు. నువ్వు ఊ అంటే తడిక తీసి తోలేస్తా. కానీ ఆ పానకాలరావు సార్ ఉత్తర్వు లేకుండా వదిలావని నా ఉద్యోగం తీసేస్తాడు. ఇంటికాడ ముగ్గురు ఆడపిల్లలు నాకు."

"నీ కొంప కూల్చి నా పెయ్యను తెచ్చుకుంటానా నేను," అంది కోటమ్మ గేదె అవతల నుంచి.

*

ప్రాంతీయ సంచాలకులు వచ్చేసరికి కార్యాలయానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. ఖాళీ కుర్చీకి దండ వేశారు. సంచాలకులు పొట్టిగా, గంభీరంగా ఉన్నారు. ఏ మాటనైనా మెల్లగా, అచ్చు వేయించదగినట్టుగా మాట్లాడతారు.

"మనిషి అలసిపోతాడు. యంత్రం అలసిపోదు. కావున పరిపాలన అలసిపోరాదు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. "ఏదీ, ఒక సజీవ దస్త్రం మీద ఆమె పనితనం చూపించండి."

కమిషనర్ గారు గర్వంగా గేదె దస్త్రం తెప్పించారు. దాన్ని మోసుకురావడానికి ఇద్దరు కావలసి వచ్చింది. నేను తెర తెరిచాను.

"నల్లమ్మ గారి విడుదలకు సంబంధించి అన్ని అంశాలూ పూర్తయ్యాయి!" అంది సుమిత్ర. నా వేలు ప్రింట్ మీట మీదికి వెళ్లింది. "ఇంకేమైనా సహాయం కావాలా?"

"కొర్రీ సార్," అన్నారు పానకాలరావు గారు మెల్లగా.

"అవసరం లేదని కొట్టమ్మా," అన్నారు సంచాలకులు.

కొట్టాను.

"తప్పకుండా! అవసరం లేదనడానికి గల కారణాన్ని పంచుకుంటారా?"

సంచాలకులు ముందుకు వంగారు. ముఖం వెలిగింది. "అద్భుతం. నేనే ఒప్పుకున్నా ఆమె ఒప్పుకోలేదు చూశారా! ఇదీ పారదర్శకత అంటే."

అప్పుడే మస్తాన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒళ్లంతా చెమట. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"సార్, గొడ్డు పడుకుంది. నొప్పులు మొదలైనయ్."

"హద్దు లోపలేనా?" అన్నారు పానకాలరావు గారు.

"లోపలే సార్. ఇంకా టయిముంది. ఉత్తర్విస్తే ఇప్పుడైనా లేపి ఇవతలికి తోలేస్తా. కోటమ్మ ఏడుస్తంది సార్."

కమిషనర్ గారి కళ్లలో ఏదో మెరిసింది. ఆయన సంచాలకుల వైపు తిరిగారు. "సార్, ఇది శుభసూచకం. తమరు విచ్చేసిన వేళకు సంఘానికి ఒక ఆస్తి పుడుతున్నది. సుమిత్ర అడిగిన ప్రశ్నల వల్లనే గేదె ఇంతవరకు లోపల ఉండగలిగింది. అనగా ఇది కృత్రిమ మేధ ద్వారా సంఘం సంపాదించుకున్న మొదటి దూడ. తమరు ఆమోదిస్తే దానికి సుమిత్ర అని నామకరణం చేద్దాం."

"ఆమోదించితిని," అన్నారు సంచాలకులు.

ఫోటోగ్రాఫర్‌ను పిలిపించమన్నారు. "సుమిత్ర జననం" అని ఫ్లెక్సీ కొట్టించుకురమ్మని మనిషిని తోలారు. ఫ్లెక్సీ వచ్చేలోపు టీలు తాగుదామన్నారు. ఈ హడావుడిలో గేదెను ఎవరైనా బయటికి తోలకుండా మస్తాన్‌కు లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వమని కమిషనర్ గారు నాకు చెప్పారు.

"గేదె ప్రస్తుతం ఉన్న స్థానమునుండి అంగుళమైనను కదలరాదు" అని కొట్టాను.

సుమిత్ర అడిగింది: "స్పష్టమైన ఆదేశం! కంచె గురించి కూడా ఏమైనా చేర్చమంటారా?"

"కొర్రీ," అని పానకాలరావు గారు లేవబోయారు. కమిషనర్ గారు చేత్తో వారించారు. "సంచాలకుల వారి టీ చల్లారిపోతున్నది. కంచె గురించి చెప్పవలసినది ఏమియు లేదని కొట్టి పంపించెయ్యి."

అలాగే కొట్టాను. "కంచె గురించి చెప్పవలసినది ఏమియు లేదు." కమిషనర్ గారు సంతకం పెట్టారు. పానకాలరావు గారు కూడా పెట్టారు. కాగితం మస్తాన్‌కు ఇచ్చాను. అతను గుమ్మంలో నిలబడి ఒకసారి చదివాడు. తల గోక్కుని, ఈసారి పెదవులు కదుపుతూ మళ్లీ చదివాడు. తలెత్తి నా వంక చూశాడు. నేను తెర వంక చూశాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకొని మస్తాన్ వచ్చినదానికంటే వేగంగా వెళ్లిపోయాడు.

*

ఫ్లెక్సీ పట్టుకొని మేమంతా దొడ్డి చేరేసరికి అంతా అయిపోయింది. నల్లమ్మ రోడ్డు వైపు మూలన, తాను పడుకున్న చోటే పడుకొని దూడను నాకుతోంది. తడిగా, నల్లగా నిగనిగలాడుతున్న పెయ్యదూడ. కోటమ్మ దాని ముక్కు తుడుస్తూ నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. వాళ్లకు ఇవతల రోడ్డు దాకా ఏ అడ్డమూ లేదు. ఆ మూలన పాతిన తడికలు రెండూ పెరికి, వాళ్లకు అవతలగా, దొడ్డి లోపలి వైపు నాలుగు బారల దూరాన కొత్తగా పాతి ఉన్నాయి. తీగ కూడా చక్కగా బిగించి ఉంది.

పానకాలరావు గారు హద్దును చూశారు, గేదెను చూశారు, మళ్లీ హద్దును చూశారు.

"గేదెను బయటికి తోలావా?" అన్నారు మస్తాన్‌తో.

"లేదు సార్. అంగుళం కదల్లేదు. మీ ఉత్తర్వు ప్రకారం ఎక్కడిది అక్కడే ఉంది."

"మరి బయటుంది!"

"దొడ్డే లోపలికి పోయింది సార్. దాని గురించి చెప్పేదేమీ లేదని మీరే రాసిచ్చారు గదా." అతను జేబులో కాగితం తీసి రెండు చేతులతో అందించాడు. పానకాలరావు గారు అడుగు నుంచి చదవడం మొదలుపెట్టారు. అడుగున తన సంతకమే ఉంది. అక్కడే ఆగిపోయారు.

కమిషనర్ గారి ముఖం మాడిపోయింది. "అంటే దూడ మనది కాదా?"

"దూడ హద్దు బయట పుట్టింది సార్. మనకు హక్కు లేదు," అన్నారు పానకాలరావు గారు. నిబంధన నిబంధనే, ఆయన దాన్ని ఎవరి కోసమూ వంచరు.

"అయితే విడుదల ఉత్తర్వు లేకుండానే గేదె బయటపడినట్టా?" అన్నారు సంచాలకులు. ఆ మాటతో అందరూ గతుక్కుమన్నారు. అభినందన పత్రం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

పానకాలరావు గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఉద్యోగ జీవితంలోని అనుభవమంతా ఆ ముఖంలోకి వచ్చి నిలబడింది.

"లేదు సార్," అన్నారు చివరికి. "విడుదల ఉత్తర్వు కాలేదు. కాబట్టి గేదె విడుదల కాలేదు. విడుదల కాని గేదె దొడ్డి లోపల ఉంటుంది."

"మరి ఇది?"

"ఇది హద్దు బయట ఉన్న గేదె సార్. మన దస్త్రంలో గేదె హద్దు లోపల ఉంది. రెండూ ఒకటి అయ్యే అవకాశం లేదు."

సంచాలకులు తల పంకించారు. "తర్కబద్ధముగా ఉన్నది. ఇందులో సుమిత్ర అభిప్రాయం ఏమిటి?"

నేను రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చొని, వెంట తెచ్చిన కార్యాలయం లాప్‌టాప్ తెరిచాను. జరిగింది జరిగినట్టు కొట్టాను.

"చాలా ఆసక్తికరమైన పరిస్థితి!" అంది సుమిత్ర. "దొడ్డి లోపల ఉన్న గేదె ఎప్పుడు ఈనుతుందో కూడా చేర్చమంటారా?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కమిషనర్ గారి ముఖంలోకి మెల్లగా రంగు తిరిగి వచ్చింది. లోపలి గేదె ఈనితే ఆ దూడ సంఘానిదే. ఫ్లెక్సీ వృథా పోదు. తేదీ విషయమై పశువైద్యుడికి రాయాలా, లేక సుమిత్రే అంచనా వేస్తుందా అన్న దాని మీద చర్చ మొదలైంది. ఫ్లెక్సీ పట్టుకున్న ఇద్దరినీ ఖాళీ దొడ్డికి ఎదురుగా నిలబడమన్నారు.

చర్చ సాగుతుండగా ఇవతల దూడ తడబడుతూ లేచి నిలబడింది. తల్లి పొదుగు వెతుక్కుంది. కడుపునిండా తాగాక మస్తాన్ దాన్ని ఎత్తి భుజాల మీద వేసుకున్నాడు. నల్లమ్మ లేచి అతని వెంట నడిచింది. కోటమ్మ కొంగుతో చేతులు తుడుచుకొని వెనకాలే బయల్దేరింది. దారి ఇరుకు, ఫోటోగ్రాఫర్ అడ్డంగా ఉన్నాడు. గేదె వచ్చి సంచాలకుల పక్కగా ఆగింది.

"ఏమ్మా, గొడ్లను ఇట్లా రోడ్డు మీద తోలితే ఎట్లా?" అన్నారు సంచాలకులు విసుగ్గా. "పక్క నుంచి తోలుకుపో. మేము ఇక్కడ ఒక గేదె విషయమై ముఖ్యమైన చర్చలో ఉన్నాం."

"అట్టాగే అయ్యగారూ," అంది కోటమ్మ.

అందరూ జరిగి దారి ఇచ్చారు. గేదె మలుపు తిరిగేదాకా చూశాను. తరవాత లోపలి గేదె కోసం కొత్త పేజీ తెరిచాను.